లోయ వైపు శత్రువు రాలేదు

గండికోటకు వచ్చే జనం నడక చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ముఖద్వారం దగ్గర బండి కాస్త నెమ్మదిస్తుంది, అది కూడా దారి వంకరగా ఉంది కాబట్టి. చార్మినార్ అని పిలుచుకునే చిన్న కట్టడాన్ని కిటికీలోంచి చూసి, జామియా మసీదు దగ్గర దిగి, నేరుగా లోయ అంచుకు పోతారు. కింద పెన్న, ఎదురుగా ఎర్రటి రాతిగోడ. ఫొటోలు అయిపోయాక వచ్చిన దారినే వెనక్కి. లోయను తప్పుబట్టడానికేమీ లేదు, ఎంత దూరం నుంచి వచ్చినా గిట్టుబాటయ్యే దృశ్యమే అది. కాకపోతే ఈ కోట తలరాత తేలింది లోయ దగ్గర కాదు, జనం ఆగకుండా దాటిపోయే ఆ ద్వారం దగ్గర. లోయ తన వైపు కాపలా చివరిదాకా కాసింది. మనుషులు కాయవలసిన వైపు మాత్రం నాలుగైదు వందల అంగల నేల మిగిలిపోయింది. గండికోట యుద్ధకథ అంతా ఆ కాస్త నేల మీదే నడిచింది.

ముందు నది సంగతి. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, ఉత్తరంగా అనంతపురం సీమలోకి వచ్చి, అక్కడ తూర్పుకు మళ్లి తాడిపత్రి మీదుగా కడప జిల్లాలో అడుగుపెడుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సోమశిల, నెల్లూరు దాటి సముద్రంలో కలిసేసరికి 597 కిలోమీటర్ల ప్రయాణం. గోదావరినో కృష్ణనో చూసిన కళ్లకు పెన్న నదిలాగే ఆనదు. వానలు తక్కువగా పడే సీమ గుండా పారుతుంది కాబట్టి ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. అలాంటి నది ఎర్రమల కొండలకు అడ్డంగా సుమారు మూడు వందల అడుగుల లోతున కోత పెట్టింది. పక్కనే పల్లం ఉన్నా చుట్టూ తిరిగి పోలేదు, కొండలోంచే దారి చేసుకుంది. నదులు ఇలా చేసినప్పుడు భూగర్భ శాస్త్రజ్ఞులు సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది. కొండలు ఇప్పటి రూపానికి రాకముందే నది ఆ దారిన పారుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న మెత్తటి పొరలు అరిగి, గట్టి రాయి కొండగా మిగిలే కాలంలో నది తన పాత దారిని వదలకుండా కిందికి కోసుకుంటూ పోతుంది. అంటే నది కొండకు అడ్డం రాలేదు, కొండే నదికి అడ్డంగా తేలింది.

ఇక్కడి రాయి గురించి ఒక తప్పుడు మాట బాగా పాతుకుపోయింది. పర్యాటక కరపత్రాల నుంచి వీడియోల దాకా దీన్ని ‘ఎర్ర గ్రానైట్ లోయ’ అంటుంటారు. ఇది గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. గ్రానైట్ భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడితే వచ్చేది. క్వార్ట్‌జైట్ మొదట ఇసుక. ఒకప్పటి సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక పొరలు బరువుకు అణిగి, రేణువుల మధ్య సందుల్లో సిలికా నిండి, ఏకశిలలా బిగుసుకుపోతే ఇది తయారవుతుంది. కడప రాళ్ల వరుసను మొదటిసారి క్రమంగా పరిశీలించి 1872లో పెద్ద గ్రంథంగా వెలువరించినవాడు భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్. ఆ తర్వాతి శాస్త్రజ్ఞులు ఈ పొరకు ఊరి పేరే పెట్టారు. ‘గండికోట క్వార్ట్‌జైట్’ అంటే ఈనాటికీ భూగర్భ శాస్త్రంలో చెలామణీ అయ్యే పేరు.

అంచున నిలబడి రాతిని దగ్గరగా చూస్తే ఇసుక పొరల కథ కంటికే అందుతుంది. అడ్డంగా సాగే గీతలు ఇసుక ఒక పొర మీద ఒక పొర పేరుకున్న గుర్తులు. నిలువుగా చీలిన గీతలు గట్టిపడిన రాయి తర్వాతి ఒత్తిళ్లకు పగిలిన పగుళ్లు. అడ్డగీత, నిలువుగీత కలిసినచోట రాయి ముక్కగా విడిపోయి లోయలోకి జారుతుంది. అందుకే ఈ గోడలు వాలుగా అరగవు, పెద్ద పెద్ద పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిటారుగా నిలుస్తాయి. మనం ఎక్కి ఫొటో దిగే రాతిదిమ్మె కూడా ఎప్పుడో ఒకప్పుడు విడిపోవలసిన ముక్కే. రాతి రంగు ఇనుము ఇచ్చింది. పొద్దున బూడిద కలిసిన గులాబీ ఛాయలో ఉండే గోడ సాయంత్రం ఎండకు ఇటుక రంగులోకి దిగుతుంది.

అమెరికాలోని గ్రాండ్ కేనియన్‌తో పోల్చి ‘మన గ్రాండ్ కేనియన్’ అనడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ పోలికతో గండికోటకు ఒరిగిందేమీ లేదు. అది మైలుకు పైగా లోతు, నాలుగు వందల కిలోమీటర్లకు మించిన పొడవు. కొలతల్లో పోటీ పెడితే మనం మొదటి నిమిషంలోనే ఓడిపోతాం. వయసు లెక్క తీస్తే మాత్రం తమాషాగా ఉంటుంది. గ్రాండ్ కేనియన్ పై అంచు రాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు, అందులో సముద్రజీవుల గవ్వలు దొరుకుతాయి. గండికోట అంచు రాయి వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కలో మాట్లాడాల్సినది. ఇది ఇసుకగా ఉన్న రోజులకు భూమి మీద గవ్వ కట్టుకునే జీవి ఇంకా పుట్టలేదు. ఈ గోడల్లో ఎంత వెతికినా గవ్వ దొరకదు.

ఇలాంటి చోటు రాజుల కంట పడకుండా ఎలా ఉంటుంది? పెన్న కుడిగట్టున, లోయ మెలిక తిరిగే చోట, కొండ కొమ్ము మీద 1123లో కళ్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు మట్టికోట కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. దాన్ని రాతికోటగా పెంచి ఏలినవాళ్లు పెమ్మసాని నాయకులు. విజయనగర రాజుల కాలంలో గండికోట సీమ ఒక పెద్ద పాలనా విభాగం, పెమ్మసానివారు దాని కాపుదారులు. శ్రీకృష్ణదేవరాయల దండయాత్రల కథల్లో పెమ్మసాని రామలింగ నాయుడి పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. కల్నల్ మెకంజీ ఊరూరా రాయించిన కైఫీయతుల్లో గండికోటదీ ఉంది. అందులోని వంశావళిని ఎంతవరకు నమ్మాలన్న వాదం చరిత్రకారులు ఎలాగూ చేసుకుంటూనే ఉంటారు.

లోపల మిగిలినవాటిలో అందరినీ ఆకట్టుకునేవి మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు. ఒకటి విజయనగర శైలి, మరొకటి గోల్కొండ కాలం నాటిది. రెండింటి మధ్య ఐదు నిమిషాల నడక కూడా లేదు. నాకు మాత్రం మసీదు పక్కనున్న ధాన్యాగారం ఎక్కువ చెబుతుంది. కమానుల పైకప్పుతో, మందపాటి గోడలతో, అలంకారం ఏమాత్రం లేకుండా కట్టిన పొడవాటి గది అది. ముట్టడి ఎన్నాళ్లు సాగినా తట్టుకోవాలని లెక్కవేసుకున్నవాడు కట్టించిన కట్టడం. రాయలచెరువు, కత్తుల కోనేరు కూడా అదే లెక్కలోవి. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు కత్తులు కడిగితే కోనేటి నీళ్లు ఎర్రబడ్డాయని ఊళ్లో కథ చెబుతారు. ఎర్రరాతి కొండ మీద నీళ్లు ఎర్రబడటానికి నెత్తురే అక్కర్లేదు గానీ, కథ కథే. తిండి, నీళ్లు లోపలే ఉన్నాయి. పక్కన లోయ ఉంది. ఇక మిగిలింది ద్వారం వైపు.

ఆ వైపు ఎలా ఉండేదో పూసగుచ్చినట్టు రాసినవాడు ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. 1652 సెప్టెంబరులో ఆయన మద్రాసు నుంచి గండికోటకు వచ్చాడు. కోట అప్పటికి గోల్కొండ ప్రధాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. తాను వచ్చేందుకు ఎనిమిది రోజుల ముందే, మూడు నెలల ముట్టడి తర్వాత కోట లొంగిందని టావెర్నియర్ అంటాడు. చరిత్రకారులు ఆ ఘటనను 1650లో పెడతారు. ఏళ్లు గడిచాక 1676లో పారిస్‌లో అచ్చయిన యాత్రాగ్రంథం కాబట్టి తేదీల దగ్గర ఆయన్ని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. చూసిన చోటును వర్ణించడంలో మాత్రం వర్తకుడి కన్ను పొరబడలేదు. ఆ పుస్తకాన్ని 1889లో ఇంగ్లీషు చేసి వ్యాఖ్య రాసిన వాలెంటైన్ బాల్ భారత భూగర్భ సర్వేలో పనిచేసినవాడు కావడం ఒక చక్కని కాకతాళీయం.

టావెర్నియర్ చెప్పిన ప్రకారం కొండ మీదికి ఒకటే దారి. ఇరవై, ఇరవై అయిదు అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. కొండను తొలిచి వేసిన ఆ దారికి కుడిపక్క భయంకరమైన అగాధం, దాని అడుగున పెద్ద నది. పైకెక్కితే చిన్న మైదానం, ఊటల నీళ్లతో వరి, చిరుధాన్యాలు పండే పొలాలు. ఊరు ఉన్న కొమ్ముకు చుట్టూ అగాధమే, మైదానం వైపు ఒక్క ద్వారం. ఆ వైపు చెక్కిన రాతితో మూడు వరుసల గోడలు, వాటి కింద రాతి కట్టుబడి కందకాలు. కాబట్టి లోపలివాళ్లు నాలుగైదు వందల అంగల మేర కాచుకుంటే చాలు.

లోపలివాళ్ల దగ్గర ఉన్న ఇనుప ఫిరంగులు రెండంటే రెండు. ఒకటి పన్నెండు పౌన్ల గుండు పేల్చేది, ద్వారం మీద పెట్టారు. అంతకంటే చిన్నది బురుజు లాంటి ఒక కొమ్ము మీద ఉంది. అయినా ముట్టడి నెలలు సాగింది. కోటలోని రాజు హిందూ సేనానుల్లో మేటి వీరుల్లో ఒకడని పేరున్నవాడనీ, లోపలివాళ్లు పదేపదే బయటికి దూకి మీర్ జుమ్లా సైన్యాన్ని నరికి వెనక్కి పోయేవారనీ టావెర్నియర్ రాశాడు. ఆ రాజు పెమ్మసాని చినతిమ్మానాయుడని మన చరిత్రలు చెబుతాయి.

మీర్ జుమ్లాకు సైన్యం కొరత లేదు. ఫిరంగుల కొరతా లేదు. ఉన్న చిక్కల్లా ఏడడుగుల దారిలో, పక్కనే లోయ పెట్టుకుని, ఆ ఫిరంగుల్ని కొండ మీదికి చేర్చడం. గోల్కొండ కొలువులో ఫిరంగి పని చేస్తున్న యూరపువాళ్లందరినీ పిలిపించి, తోపులు పైకి ఎక్కిస్తే మామూలు జీతం మీద నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. వాళ్లు నాలుగు తోపుల్ని పైకి చేర్చారు. అవి కొట్టిన దెబ్బకు ద్వారం మీది పెద్ద ఫిరంగి పనికిరాకుండా పోయింది. తలుపు సగం కూలాక లోపలివాళ్లు గౌరవప్రదమైన షరతుల మీద కోట ఖాళీ చేశారు. విషప్రయోగం, మంత్రి ద్రోహం అంటూ ఈ పతనం చుట్టూ స్థానికంగా అల్లుకున్న కథలు చాలా ఉన్నాయి. టావెర్నియర్ కథలో మాత్రం కోటను గెలిచింది నాలుగు నెలల జీతం.

అప్పటికి మీర్ జుమ్లా మామూలు మంత్రి కాదు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గనులు కౌలుకు పట్టి, ఆ డబ్బుతో సొంత సైన్యం పెంచుకున్న మనిషి. కర్ణాటకం గెలిచాక గండికోట ఆయనకు సొంత రాజధాని లాంటిదైంది. టావెర్నియర్ చూసినప్పుడు గుడారంలో చెప్పులు లేకుండా కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం లాగుతూ ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నాడు. రాసింది చదివించుకుని ముద్ర వేస్తున్నాడు. మధ్యలో నేరస్తుల్ని తెస్తే విచారణ, శిక్ష అప్పటికప్పుడే. ఇంకో పూట సంచుల్లో వజ్రాలు తెప్పించి వర్తకుడికి చూపించి, ఇలాంటివి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని ఆరా తీశాడు. రాజ్యం, వ్యాపారం, న్యాయస్థానం, తపాలా కచేరీ అన్నీ ఒక్క గుడారంలో నడిచాయన్నమాట.

ద్వారం గెలిచిన నాలుగు తోపుల పాఠం ఆయన మరిచిపోలేదు. గండికోటలోనే ఫిరంగుల పోతపోయించాలనుకున్నాడు. క్లాద్ మయ్యే అనే ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. ఇరవై తోపులు కావాలి, పది నలభై ఎనిమిది పౌన్లవి, పది ఇరవై నాలుగు పౌన్లవి. లోహం కోసం ఆ చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించారు. మిగతావి కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు. కరగకపోవడానికి లోహంలోని మిశ్రమం కారణమో, కొలిమికి చాలినంత వేడి రాకపోవడం కారణమో, మయ్యే పనితనంలో లోపం కారణమో ఇప్పుడు తేల్చే దారి లేదు. చివరికి ఆయన ఒక్క తోపు కూడా సరిగ్గా పూర్తి చేయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది. పని వదిలేసి కొలువు మానుకుని వెళ్లిపోయాడు. ఆ విగ్రహాల ప్రాణం అలా దక్కింది, కనీసం ఆ పూటకు.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. మీర్ జుమ్లా గోల్కొండతో చెడి ఔరంగజేబు పక్షాన చేరాడు, 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ చనిపోయాడు. కోట కడప నవాబుల చేతికి, వారి నుంచి హైదరాలీకి పోయింది. టిప్పుతో యుద్ధంలో 1791లో కెప్టెన్ లిటిల్ పట్టుకున్నాడు. నిజాం మీదుగా 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ కిందికి వచ్చింది. అప్పటికి తోపుల దూరం పెరిగింది, కొండకొమ్ము కోటల అవసరం తీరింది. గండికోట పల్లెటూరైంది. ఇప్పటికీ కోటలోపల ఊరు ఉంది, కాపురాలున్నాయి. గోపురం నీడలో గొర్రెలు మేస్తుంటాయి. 2010లో ‘మర్యాద రామన్న’ ఇక్కడ చిత్రీకరించాక రాయలసీమ బయటివాళ్లకూ ఈ ఊరు కళ్లకు కట్టింది.

చూడటానికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగి రోడ్డెక్కాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గుడారాల్లో రాత్రి గడిపే ఏర్పాట్లున్నాయి, సాహస క్రీడల అకాడమీ ఉంది. చలికాలం మేలు. మార్చి దాటితే ఈ రాయి పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది. లోయ అంచున కమ్మీలు లేని చోట్లు చాలా ఉన్నాయి, సాయంత్రం గాలి ఒక్కోసారి మనిషిని తోసేటంతగా వీస్తుంది. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయడం ఇక్కడ చేయకూడని పని. వీలుంటే ఒక రోజు పెంచుకుని బెలూం గుహలు కూడా చూడాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వెలుగులోకి తెచ్చిన ఆ గుహలు సున్నపురాతివి. ఇక్కడ పెన్న గట్టిరాయిని బయటినుంచి కోసింది, అక్కడ భూగర్భ జలం మెత్తటి రాయిని లోపలినుంచి కరిగించింది. ఒకే సీమలో నీటి పనితనం రెండు రకాలుగా చూడొచ్చు.

గుళ్లు, గోడలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పర్యాటక అభివృద్ధికి కేంద్రం 2024 నవంబరులో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. ఆ డబ్బంతా లోయ అంచున గాజు వంతెనలకో దీపాలకో పోకుండా, ఫిరంగులు ఎక్కిన పాత దారి ఏదో గుర్తించి నడవడానికి వీలుగా చేస్తే, మిగతా చోట్ల దొరకనిది గండికోటకు దక్కుతుంది.

లోయలో ఇప్పుడు కనిపించే నీటి సంగతి కూడా తెలుసుకుని వెళ్లాలి. ఈ మెలిక రెండు ఆనకట్టల నడుమ ఉంది. ఎగువన గండికోట జలాశయం, 26.85 టీఎంసీల సామర్థ్యం. దిగువన మైలవరం. గాలేరు–నగరి పథకంలో భాగంగా శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు గండికోట జలాశయానికి చేరతాయి. ఆ జలాశయం నింపడానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ముంపులో పోయాయి, జనం ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు తరలారు. కాబట్టి లోయ నిండుగా ఉందంటే పెన్నకు వరద వచ్చిందనుకోనక్కర్లేదు. పైన గేట్లు ఎత్తి ఉండొచ్చు, కింద మైలవరం నీళ్లు వెనక్కి నిలిచి ఉండొచ్చు. పడవ ఎక్కాలనుకుంటే వానల లెక్క కంటే ఈ రెండు జలాశయాల లెక్క చూసుకుని బయల్దేరడం మేలు. జమ్మలమడుగు బస్టాండులో టీ కొట్టు దగ్గర అడిగినా మైలవరంలో నీళ్లు ఎంత ఉన్నాయో చెబుతారు.